బీబీసీ మైక్రో కేసెట్టు, 47 బ్లాకులు: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

1984లో కేంద్ర ప్రభుత్వం, స్కూళ్లలో కంప్యూటర్ చదువు కోసం పెట్టిన క్లాస్ పథకం కింద తొలి విడతగా 250 స్కూళ్లకి కంప్యూటర్లు ఇచ్చింది. అవి బీబీసీ మైక్రోలు. బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ 1981 చివర్లో బయటికి తెచ్చిన యంత్రం, 6502 ప్రాసెసర్, 32 కిలోబైట్ల మెమరీ. ఫ్లాపీ డ్రైవు అప్పట్లో అందరికీ అందే వస్తువు కాదు. రాసుకున్న ప్రోగ్రాముని పాటల కేసెట్టు మీదే దాచుకునేవారు. వెనకాల ఉన్న డిన్ సాకెట్ నుంచి టేప్ రికార్డర్‌కి వైరు పెట్టి, సేవ్ అని కొట్టి, రికార్డు బటన్ నొక్కితే చాలు.

పాత టేపుల్లోంచి డేటా వెలికితీసే మా దగ్గరికి ఈ కేసులో వచ్చింది ఒక సి-60 కేసెట్టు. అలాంటి ఒక స్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారిది. ఆయన ఇప్పుడు లేరు. ఇంట్లో వాళ్లకి ట్రంకు పెట్టెలో దొరికింది. లేబుల్ మీద పెన్నుతో ‘తెలుగు అక్షరాలు, మార్కులు’ అని రాసి ఉంది. మార్కుల సంగతి అటుంచి, ఆ యంత్రం మీద ఆయన తెలుగు అక్షరాలు ఎలా చూపించారో చూడాలన్నది వాళ్ల కోరిక. ఊరు, స్కూలు, పేర్లు ఇక్కడ ఇవ్వడం లేదు.

తర్వాత చెప్పేదంతా అర్థం కావాలంటే టేపు మీద ఏముంటుందో ముందు తెలియాలి. 1975 నవంబరులో అమెరికాలోని కాన్సస్ సిటీలో బైట్ పత్రిక ఏర్పాటు చేసిన సమావేశంలో ఒక పద్ధతి కుదిరింది: సున్నాకి 1200 హెర్ట్జ్ అలలు నాలుగు, ఒకటికి 2400 హెర్ట్జ్ అలలు ఎనిమిది, సెకనుకి 300 బిట్లు. బీబీసీ మైక్రో దాన్నే నాలుగింతలు వేగం చేసింది. సున్నా అంటే 1200 హెర్ట్జ్ అల ఒక్కటే, ఒకటి అంటే 2400 హెర్ట్జ్ అలలు రెండు, సెకనుకి 1200 బిట్లు. ఒక్కో బైటుకీ ముందు ఒక స్టార్ట్ బిట్, చివర ఒక స్టాప్ బిట్ కలిపి పది బిట్లు. ఫైలుని 256 బైట్ల బ్లాకులుగా కోస్తుంది. ప్రతి బ్లాకుకీ ఫైలు పేరు, బ్లాకు నంబరు, పొడవు ఉన్న హెడర్ ఒకటి ఉంటుంది. హెడర్‌కి ఒకటి, డేటాకి ఒకటి చొప్పున 16 బిట్ల సీఆర్‌సీలు (చదివిన బైట్లు సరిగ్గా ఉన్నాయో లేదో తేల్చే సరిచూపు అంకెలు) రెండు. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య 2400 హెర్ట్జ్ ఈల.

దీన్ని టేపు పొడవులోకి మార్చి చూసుకోవడం మంచి అలవాటు. కేసెట్టు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే ఒక బిట్ 0.04 మిల్లీమీటర్లు, ఒక బైటు 0.4 మిల్లీమీటర్లు, ఒక బ్లాకు డేటా దాదాపు 10 సెంటీమీటర్లు. పాటలో చెవికి అందనంత చిన్న ముడత ఇక్కడ రెండు మూడు బైట్లు మింగేస్తుంది.

వచ్చిన సమస్య

కుటుంబం ముందు ఒక రికార్డింగ్ షాపులో కేసెట్టుని ఎంపీ3 చేయించింది. ఆ ఫైలుని ఇంట్లో కుర్రవాడు ఎమ్యులేటర్‌కి (పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌కి) పెడితే ఒక్క బ్లాకు కూడా ఎక్కలేదు. టేపు పాడైపోయిందని అందరూ అనుకున్నారు.

ఎంపీ3ని స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ స్వరం ఎంత ఉందో చూపే చిత్రంలో) చూస్తే కారణం వెంటనే కనబడింది. 1200 దగ్గర గీత దిట్టంగా ఉంది, 2400 ఉండాల్సిన చోటు మాత్రం నల్లగా ఖాళీ. షాపులో నాయిస్ తీసేటప్పుడు మొదట్లో వచ్చే నిలకడైన ఈలనే నాయిస్‌కి నమూనాగా ఎంచుకున్నారు. పాటల కేసెట్టు అయితే చేయాల్సిన పని అదే: పాట మొదలయ్యే ముందు ఆగకుండా వినిపించే మోతని నమూనాగా తీసుకుని మొత్తంలోంచి తీసేస్తారు. ఇక్కడ ఆ ఈల బ్లాకు ముందు వచ్చే లీడర్. దాంతో పాటు 2400 హెర్ట్జ్ అంతా పోయింది, అంటే డేటాలోని ఒకట్లన్నీ చెరిగిపోయాయి.

ఆ ఫైలుని బాగుచేసే ప్రయత్నం చేయకూడదని నిర్ణయించాం. తీసేసింది తిరిగి రాదు, పైగా అసలు టేపు చేతిలో ఉంది. అయినా ఆ ఎంపీ3 రెండు విషయాలు చెప్పింది. 1200 గీత అంత దిట్టంగా ఉందంటే అయస్కాంత ముద్ర చెదరలేదు. ఈల చెరిగిన పెద్ద ఖాళీల్ని లెక్కపెడితే నాలుగు ఫైళ్లు ఉన్నట్టు తేలింది.

టేపు స్థితి

కేసెట్టు కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లగా బూజు. హెడ్‌కి టేపుని ఆనించే ఫెల్ట్ ముక్క జిగురు ఎండి ఊడిపోయి పెట్టెలో గలగలమంటోంది. ఒకచోట టేపు మీద అడ్డంగా ముడత. గతంలో ఏదో టేప్ రికార్డర్ దాన్ని నమిలినట్టుంది.

టేపుని తక్కువ వేడి మీద ఉంచాలని ఇంటర్నెట్‌లో చదివి కుటుంబం అడిగింది. వద్దన్నాం. ఆ పని పాలియురెథేన్ బైండర్ తేమ పీల్చి జిగటగా మారిన స్టూడియో రీళ్లకి. ఈ టేపు జిగటగా లేదు, హెడ్ దగ్గర కీచుమనడం లేదు, పొడి రాలడం లేదు. జబ్బు లేని టేపుని వేడి చేస్తే వచ్చే లాభం లేదు, ప్లాస్టిక్ పెట్టె వంగే ప్రమాదం మాత్రం ఉంది.

బూజు ముందు ఎండాలి. కేసెట్టుని సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా పడే డబ్బాలో వారం రోజులు ఉంచాం. తర్వాత మాస్కు, గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, మెత్తటి కుంచెతో రీలు అంచుల్ని దులిపాం. తడి బూజుని తుడిస్తే అది పొరల మధ్యకి పాకుతుంది, అందుకే ఈ వరస మార్చకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ హెడ్‌కీ, టేపుని నడిపే కడ్డీ అయిన క్యాప్‌స్టన్‌కీ మాత్రమే, టేపుకి తగలనివ్వలేదు.

పెట్టె స్క్రూలు లేని రకం, అతికించేసింది. సన్నని బ్లేడుతో అతుకు వెంట విప్పి, రెండు రీళ్లనీ అయిదు స్క్రూల పెట్టెలోకి మార్చాం. దాంతో కొత్త ఫెల్ట్, కొత్త రోలర్లు కలిసొచ్చాయి. మార్చే ముందు ఏ వైపు ఏ పక్క ఉందో ఫొటో తీసుకోవాలి, రీలు తిరగబడితే టేపు వీపు హెడ్‌కి తగులుతుంది. ఆ తర్వాత కళ్లద్దాల గుడ్డ మధ్యగా టేపుని పెన్సిల్‌తో నెమ్మదిగా ఒకసారి ఆ చివరికీ, ఒకసారి ఈ చివరికీ చుట్టాం. గుడ్డ మీద బూజు గీత కనబడుతున్నంతసేపూ గుడ్డ మడత మార్చాం.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు కుదరలేదు

టేపు ప్లే చేసే కేసెట్ డెక్ బెల్టు కొత్తది. వేగం 3150 హెర్ట్జ్ టెస్ట్ టేపుతో సరిచూసింది. డాల్బీ (నాయిస్ తగ్గించే ఏర్పాటు) ఆపేశాం. డాల్బీ లేకుండా రికార్డయిన టేపుకి అది ఆన్ చేస్తే పై స్వరాల మట్టాన్ని తగ్గించేస్తుంది, 1200కీ 2400కీ ఉన్న నిష్పత్తి చెడుతుంది. లైన్ ఇన్‌పుట్, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపితే 50 హెర్ట్జ్ హమ్ చాలావరకు పోయింది.

ఆ కాలపు కంప్యూటర్ రికార్డర్లు మోనో. టేపు సగం వెడల్పులో ఒకే ట్రాక్. స్టీరియో డెక్‌లో ఎడమ, కుడి హెడ్లు రెండూ ఆ ఒకే ట్రాక్‌ని చదువుతాయి. రెండూ కలిపితే సిగ్నల్ రెట్టింపవుతుంది, నాయిస్ అంత పెరగదు అన్న లెక్కతో రెండింటినీ కలిపి డీకోడ్ చేశాం, అంటే అలల్ని మళ్లీ బైట్లుగా మార్చి చూశాం. బ్లాకులు: సున్నా.

విడివిడిగా చూస్తే రెండు ఛానళ్లూ చక్కగా ఉన్నాయి. కలిపితేనే 2400 కుంగిపోతోంది. లీడర్ ఈల మీద రెండింటి మధ్య ఫేజ్ తేడా (ఒక అల కన్నా రెండోది ఎంత వెనకబడిందో) కొలిస్తే 140 డిగ్రీల పైన ఉంది. మాస్టారి రికార్డర్‌లో హెడ్ కొంచెం వాలి ఉందన్నమాట. ఎంత వాలితే ఇంత తేడా వస్తుందో లెక్క వేయవచ్చు. స్టీరియో హెడ్‌లో రెండు ట్రాకుల మధ్యబిందువుల దూరం 0.9 మిల్లీమీటర్లు. వాలు అర డిగ్రీ ఉంటే ఒక ట్రాక్ కన్నా రెండోది టేపు వెంట దాదాపు 8 మైక్రాన్లు వెనకబడుతుంది. 2400 హెర్ట్జ్ అల టేపు మీద 20 మైక్రాన్ల పొడవు. 8 అంటే అందులో అయిదింట రెండు వంతులు. దాదాపు ఎదురెదురుగా ఉన్న రెండు అలల్ని కలుపుతున్నామన్నమాట, దాంతో 10 డెసిబెల్స్ పోయాయి. 1200 అల 40 మైక్రాన్లు కాబట్టి దానికి పోయింది 2 డెసిబెల్స్ కూడా లేదు. సున్నాలు నిలిచాయి, ఒకట్లు మునిగిపోయాయి. పాటైతే ‘కొంచెం బొంగురుగా ఉంది’ అని సరిపెట్టుకునే లోపమే ఇది.

ఒక ఛానల్, తలకిందులైన అల

అందుకని ఒక్క ఛానలే తీసుకుందామనుకున్నాం. ఏది? కాంపాక్ట్ కేసెట్టులో ఎడమ ఛానల్ టేపు అంచున ఉంటుంది, కుడిది మధ్యకి దగ్గరగా. బూజు, నలుగుడు ముందు అంచునే తింటాయి. కాబట్టి కుడి.

కుడి ఛానల్ అల కంటికి ముత్యాల వరసలా ఉంది. డీకోడ్ చేస్తే మళ్లీ సున్నా.

ఇక్కడ తొందరపడి ఫిల్టర్లు మార్చుకుంటూ పోతే రోజులు గడిచిపోతాయి. దానికన్నా ఒక్కో అల నిడివి కొలిచి హిస్టోగ్రామ్ (ఏ నిడివివి ఎన్ని ఉన్నాయో చూపే చిత్రం) గీయడం మేలు. వేగం సరిచేశాక రెండే గుట్టలు రావాలి: 2400కి 417 మైక్రోసెకన్ల దగ్గర, 1200కి 833 దగ్గర. మనకి మూడొచ్చాయి. మూడోది సరిగ్గా 625 దగ్గర.

ఆ అంకే జవాబు చెప్పేసింది. 417లో సగం, 833లో సగం కలిపితే 625. డీకోడర్ అలని పైకి లేచే చోట మొదలుపెట్టి కొలుస్తోంది, రికార్డింగ్‌లోనేమో బిట్లు కిందికి దిగే చోట మొదలవుతున్నాయి. సున్నా నుంచి ఒకటికి మారే ప్రతిచోటా ఒక అల సగం అందులోది, సగం ఇందులోది అవుతోంది. ఏది పొట్టి, ఏది పొడుగు అని తేల్చే హద్దు కూడా 625 కాబట్టి, ఆ అలలన్నీ కత్తి అంచు మీద పడుతున్నాయి. రికార్డర్‌లోనో డెక్‌లోనో ఒక ఆంప్లిఫయర్ దశ సిగ్నల్‌ని తలకిందులు చేసింది. సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఫైలుని మైనస్ ఒకటితో గుణిస్తే సరిపోయింది. నడిమి గుట్ట మాయమైంది. 47 బ్లాకుల్లో 38 సీఆర్‌సీ సరిపోయి వచ్చాయి.

టేపుకి డెక్‌ని సరిపెట్టడం

మిగిలిన తొమ్మిదింటి కోసం డెక్ హెడ్‌నే వాల్చాలని నిర్ణయించాం. సరిగ్గా ట్యూన్ చేసిన డెక్‌ని చెడగొట్టినట్టు అనిపిస్తుంది, కానీ ఇక్కడ కొలబద్ద డెక్ కాదు, టేపు. మాస్టారి రికార్డర్ హెడ్ ఎంత వాలి ఉందో ఈ హెడ్ కూడా అంతే వాలాలి.

అయస్కాంతం పట్టని సన్నని స్క్రూడ్రైవర్‌తో, లీడర్ ఈల నడుస్తుండగా, ఎడమ ఛానల్‌ని ఒక అక్షం మీద, కుడిదాన్ని రెండో అక్షం మీద పెట్టిన చిత్రం చూస్తూ హెడ్ వాలుని మార్చే అజిమత్ స్క్రూని కొద్దికొద్దిగా తిప్పాం. గుండ్రంగా ఉన్న చిత్రం సన్నబడి ఏటవాలు గీత కావాలి. తిప్పే ముందు స్క్రూ మీద మార్కరుతో గుర్తు పెట్టాలి, మళ్లీ పాత చోటికి తేవాలి కదా. ఇంకో జాగ్రత్త: వాలు 1.26 డిగ్రీలు తప్పితే ఒక పూర్తి అల జరిగిపోయి అదే గీత కనబడుతుంది. అందుకే గీత వచ్చాక డేటా ఉన్న చోట కూడా రెండు ఛానళ్లూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో లేదో చూడాలి.

ఇప్పుడు ఛానళ్లని కలిపితే నిజంగానే లాభం. ఎడమ, కుడి, రెండూ కలిపినది, మూడింటినీ విడిగా డీకోడ్ చేసి, బ్లాకు వారీగా ఏది సీఆర్‌సీ దాటితే దాన్ని తీసుకుంటే 44 వచ్చాయి.

మిగిలిన మూడింట్లో రెండు మార్కుల ఫైలువి. ప్రోగ్రాము సేవ్ అయ్యేటప్పుడు టేపు ఆగకుండా నడుస్తుంది. ప్రోగ్రామే రాసే డేటా ఫైలు అలా కాదు. కంప్యూటర్ రిలేతో మోటారుని ఆపి, మళ్లీ నడిపి, ఒక్కో బ్లాకు రాస్తుంది. మోటారు పుంజుకునే లోపు స్వరం పాకుతూ పైకి వస్తుంది. ఫైలు మొత్తానికి ఒకే వేగం అనుకున్న డీకోడర్ అక్కడ బోల్తా పడింది. ఒక్కో బ్లాకు ముందున్న ఈలలో చివరి కొంత భాగాన్ని కొలిచి, ఆ బ్లాకుకి హద్దుని విడిగా లెక్కవేశాం. అలాగే హెడ్ శుభ్రం చేస్తూ మరో మూడు సార్లు ప్లే చేశాం. ఆ రెండూ వచ్చాయి. 46.

చివరి బ్లాకు

ఇది ముడత పడ్డ చోటు. ఎన్నిసార్లు ప్లే చేసినా అదే చోట 1.2 మిల్లీమీటర్ల మేర సిగ్నల్ లేదు. మూడు బైట్లు. స్టార్ట్, స్టాప్ బిట్ల వరసని రెండు వైపుల నుంచీ లెక్కపెడితే ఏయే బైట్లో కచ్చితంగా తెలిసింది. మిగిలిన 253 బైట్లూ ప్రతి ప్లేలోనూ ఒకేలా వచ్చాయి.

తప్పు ఎక్కడుందో తెలియకుండా సీఆర్‌సీ సరిపోయేదాకా బిట్లు తిప్పి చూడటం కొందరు చేస్తారు. ఒక్క బిట్ తప్పయితే అది నమ్మదగ్గదే. రెండు బిట్లయితే నమ్మకూడదు: 2048 బిట్లలోంచి రెండేసి ఎంచుకునే జతలు 20 లక్షల పైచిలుకు, సీఆర్‌సీకి ఉన్న విలువలు 65,536. సరిపోయినట్టు కనిపించే తప్పు జవాబులు ముప్పై దాకా వస్తాయి.

చోటు తెలిస్తే లెక్క మారిపోతుంది. పక్కపక్కన ఉన్న రెండు బైట్లు పోతే 16 బిట్ల సీఆర్‌సీ వాటిని ఒకే ఒక్క విధంగా నింపుతుంది. కాకపోతే సీఆర్‌సీ అంతా నింపడానికే ఖర్చయిపోతుంది, జవాబు సరైనదో కాదో చూసేందుకు ఏమీ మిగలదు. మూడు బైట్లు పోతే సరిపోయే జవాబులు 256. ఇక్కడ ఆగిపోవాల్సిందే, ఆ బైట్లు ఏ రకం సరుకో తెలియకపోతే.

తెలుసు. అది అక్షరాలు గీసే భాగం. బీబీసీ బేసిక్‌లో వీడీయూ 23 అనే ఆదేశంతో 8 గళ్లు, 8 వరసల చదరంలో కొత్త అక్షరం గీయవచ్చు. ఒక్కో వరసకి ఒక అంకె, 0 నుంచి 255. మాస్టారు ఒక్కో తెలుగు అక్షరానికీ ఇలాంటి లైను రాశారు. ప్రోగ్రాములో ఆ అంకెలు మామూలు అక్షరాలుగానే ఉంటాయి: అంకెలు, కామాలు. పోయిన మూడు బైట్లకి ముందు 6 ఉంది, తర్వాత 6 ఉంది. మధ్యలో రాగలిగినవి పది అంకెలూ ఒక కామా, మొత్తం 1,331 కూర్పులు. వాటిలో ఒక తప్పు కూర్పు అనుకోకుండా సీఆర్‌సీ దాటే అవకాశం నూటికి రెండు. దాటింది ఒక్కటే: 6, కామా, 6. అంటే ఆ చోటు 66,66.

గళ్ల కాగితం మీద వేసి చూశాం. 66 అంటే ఎనిమిది గళ్లలో రెండోది, ఏడోది నిండుతాయి. వరసగా రెండు వరసలు అలా. పైన తలకట్టు, దాని కింద వంపు ఉన్నాయి. ఈ రెండు వరసలూ ఆ వంపు నుంచి దిగే కాళ్లు. అక్షరం ‘గ’.

అప్పగింత

ప్రోగ్రాముల్ని ఇంకో విధంగా కూడా సరిచూశాం. బేసిక్‌లో ప్రతి లైనూ 13 అనే బైటుతో మొదలై, రెండు బైట్ల లైను నంబరు, ఆ తర్వాత లైను పొడవు చెబుతుంది. ఆ పొడవుల్ని పట్టుకుని గెంతుకుంటూ పోతే చివర 13, 255 దగ్గర ఆగాలి. మూడు ప్రోగ్రాములూ ఆగాయి.

మార్కుల ఫైలుని తెరిస్తే మొదట చెత్తలా కనిపిస్తుంది. ప్రింట్-హాష్‌తో (ఫైలులోకి రాసే బేసిక్ ఆదేశంతో) రాసిన పదాలు 0, పొడవు, ఆపైన అక్షరాలు చివరి నుంచి మొదటికి వస్తాయి. పూర్ణాంకాలు 64 అనే బైటు తర్వాత నాలుగు బైట్లు, పెద్ద స్థానం ముందు. ఇది తెలియకపోతే పిల్లల పేర్లన్నీ తలకిందులుగా చూసి డీకోడింగ్ తప్పిందనుకుంటారు. ఆ పేర్లూ మార్కులూ ఇప్పుడు నడివయసులో ఉన్న మనుషులవి. ఆ ఫైలుని కుటుంబానికి విడిగా ఇచ్చి, మిగతావాటితో కలిపి ఎక్కడా పెట్టవద్దని రాసిచ్చాం. ప్రోగ్రాముల్ని యూఈఎఫ్ (ఎమ్యులేటర్లు చదివే టేపు నకలు) ఫైలుగా చేసి ఎమ్యులేటర్‌లో నడిపి చూపించాం. అన్ని ప్లేల వేవ్ ఫైళ్లూ తాకకుండా జతచేశాం. నివేదికలో 46 బ్లాకుల ఎదురుగా ‘చదివినది’ అని, చివరి దాని ఎదురుగా ‘మూడు బైట్లు లెక్కగట్టినవి’ అని ఉంది.

తర్వాతి కేసులకి మారినవి

ఇప్పుడు కేసెట్టు రాగానే మొదట అడిగేది దాన్ని రికార్డు చేసిన యంత్రం ఇంకా ఇంట్లో ఉందా అని. నడవకపోయినా ఫర్వాలేదు. దాని హెడ్ వాలు చూస్తే సగం పని తేలుతుంది. ప్లే చేశాక డీకోడర్ జోలికి పోకముందే రెండు కొలతలు తీస్తాం: లీడర్ మీద ఛానళ్ల ఫేజ్ తేడా, అలల నిడివి హిస్టోగ్రామ్. ఈ కేసులో పోయిన సమయంలో ఎక్కువ భాగం ఆ రెండూ ఆలస్యంగా తీయడం వల్లే. నాయిస్ తీయడం, మట్టం పెంచడం అసలు టేపు నుంచి వచ్చిన ఫైలు మీద ఎప్పుడూ చేయం, చేస్తే నకలు మీదే.

సీఆర్‌సీతో నింపే పద్ధతి అన్ని యంత్రాలకీ కుదరదు. ఆ కాలపు ఇంకో కంప్యూటర్ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ కేసెట్టులో ఫైలులోని డేటా మొత్తం ఒకే బ్లాకు, చివర ఒక్క పారిటీ బైటు. అది బైట్లన్నిటి ఎక్స్-ఆర్, అంటే ఒక్కో బిట్ స్థానంలో ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయో బేసి సంఖ్యలో ఉన్నాయో చెప్పేది. 6,912 బైట్ల తెర బొమ్మకి కూడా ఆ ఒక్కటే కాపలా. చోటు తెలిసిన ఒక్క బైటుని అది నింపగలదు, రెండు పోతే నింపలేదు. ఒకే బిట్ స్థానంలో రెండు తప్పులు పడితే వాటిని పట్టుకోలేదు కూడా. అందుకే స్పెక్ట్రమ్ టేపులకి పారిటీ సరిపోయినా ఆగకుండా కనీసం మూడు ప్లేలు తీసి బైటు బైటుకీ పోల్చి చూస్తున్నాం. తేడా వచ్చిన ప్రతి బైటు దగ్గరా వేవ్ ఫైలు తెరిచి, సున్నాకి 855, ఒకటికి 1710 టీ-స్టేట్ల (ప్రాసెసర్ గడియారపు టిక్కుల) పల్సులు ఏ ప్లేలో శుభ్రంగా ఉన్నాయో కంటితో చూశాకే ఆ బైటుని ఒప్పుకుంటున్నాం.